ఉపవాసం ఉన్న పురుగులు

నవంబరు 21

ఇవాళ నన్ను పురుగు కరిచింది. సంతోషం.

చిటికెన వేలి కొసన, గ్లౌజు చిరిగిన చోటే సరిగ్గా చూసి పట్టుకుంది. ఎన్నూరు ఉప్పుటేటి బురదలో ఇన్నాళ్ళుగా తవ్వుతున్నాను, ఒక్కటీ కరవలేదు. ఇది జానెడు కూడా లేదు. నోట్లోంచి నల్లటి దవడలు బయటికి తోసి గట్టిగా కొరికింది. ఆ దవడల్లో జింకు ఉంటుంది. బురదతో పాటు ఒంట్లోకి చేరిన జింకులో కొంత దవడలకు పంపించి వాటిని గట్టిపరుచుకుంటుంది. మింగిన లోహంతో పళ్ళు కట్టించుకునే ప్రాణి అది. నాకు అంత తెలివి ఉంటే ఈపాటికి పీహెచ్‌డీ అయిపోయేది.

పక్కనే నడుం లోతు నీళ్ళలో వంగి, చేతులతో తడుముతూ రొయ్యలు పడుతున్న లూర్దుమేరి అక్క నా కేక విని, నోట కరుచుకున్న బుట్ట తీసి నవ్వింది.

"కరిచినాదా? కరవనీలేమ్మా. నువ్వు దాని ఇల్లు తవ్వతావుండావు, అది చుమ్మా, ఊరికే ఉంటుందా?"

అక్కవాళ్ళూ తెలుగువాళ్ళే. ఏ తరంలోనో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఎన్నూరులో నిలిచిపోయారు. ముప్పయ్యేళ్ళుగా ఆ బురద దిబ్బ దగ్గరే ఆమె పని. మోకాళ్ళ కింద చర్మం పొలుసులు పొలుసులుగా లేచి ఉంటుంది. దిబ్బకు కాస్త ఎగువన థర్మల్ కరెంటు కేంద్రం బూడిద నీళ్ళ గొట్టం ఉంది. ఇప్పుడు దిబ్బ మీదికే రెండో గొట్టం వేస్తామంటున్నారు. వేస్తే అక్కకు ఏరు లేదు. ఆ మాట ఆమె నాతో అనలేదు. ఆ గొట్టం సంగతి తేల్చే సర్కారు కమిటీకి అర్జీ పెట్టినప్పుడు వేలిముద్ర వేస్తూ వాళ్ళతోనే అంది.

నవంబరు 22

యువరాజ్ పొద్దున ఈ పుస్తకం తిరగేసి, ఒక్క ముక్క అర్థం కాలేదని పక్కన పడేశాడు. మా ఆయన తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవలేడు. బడిలో అంతా తమిళమే. అత్తయ్యకు చదవడం వచ్చు, కళ్ళు ఆనవు. పెరంబూరులో నన్ను పట్టుబట్టి తెలుగు మీడియంలో వేసిన మా నాన్నకు ఇవాళ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఇక ఇక్కడ ఎవరినైనా తిట్టుకోవచ్చు.

నవంబరు 25

తిట్టుకోవడానికి మొదటి మనిషి దొరికాడు. మా గైడు వెంకటసుబ్బారావు గారు.

గదిలోకి పిలిచి, కమిటీకి పంపే రిపోర్టులో ఒక వాక్యం చేర్చమన్నారు. "ఏటిలో పురుగులు సమృద్ధిగా, ఆరోగ్యంగా ఉన్నాయి. భారలోహాలను నిర్విషం చేసుకోగలుగుతున్నాయి. ఏరు కోలుకుంటోందనడానికి ఇది సూచన." గొట్టం కంపెనీవాళ్ళు ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్నారు. డిసెంబరు 18న కమిటీ విచారణ. ఈ వాక్యం ఉంటే రెండో గొట్టానికి అడ్డు లేనట్టే.

"నిర్విషం చేసుకోవడమంటే విషం మాయమైపోవడం కాదు కదా సార్" అన్నాను. "పురుగు ఒక ప్రోటీను తయారుచేసి లోహాన్ని పట్టుకుంటుంది. సన్నటి గుళికలుగా కట్టి ఒంట్లోనే ఒక మూల పెట్టుకుంటుంది. దాన్ని చేప తింటే ఆ మూటలు చేప కడుపులోకి పోతాయి."

"ఏవమ్మాయ్, ఆ పాఠం నీకు చెప్పింది నేనే! మళ్ళీ నాకే అప్పజెబుతున్నావా?"

"అయితే ఈ వాక్యం ఎందుకు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రాజమండ్రి మనిషి. చెడ్డవాడు కాదు. అదే నా కర్మ, చెడ్డవాడైతే సుఖంగా పోట్లాడేదాన్ని.

"మార్చిలో రిటైరవుతున్నాను. ఈ వయసులో నాకెందుకొచ్చిన గొడవ చెప్పు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు."

"అడుసు తొక్కడానికే కదా సార్ నాకు స్టైపెండు ఇస్తున్నారు."

నవ్వారు. తర్వాత నవ్వు ఆపేసి, "సరే, ఒక్కటి చెప్పు. ఆ గొట్టం కింద పురుగులు బతికున్నాయా, లేదా?" అని అడిగారు.

"ఉన్నాయి."

"మరింకేంటమ్మా?"

ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ ప్రశ్నే. బతికున్నాయి కదా, మరింకేంటి? జవాబు ఉంది. ఎక్కడో ఉంది. నాకేం భయం లేదు.

నవంబరు 29

తుఫాను వస్తోందట. ల్యాబు కింది అంతస్తులో ఉంది, అక్కడ నీళ్ళు దూరడం మామూలే. ఆఖరి విడత పురుగులు రెండు ట్రేల నిండా ఉన్నాయి. ఒకటి ఎన్నూరు గొట్టం కింద తవ్వినవి, రెండోది పోల్చి చూడడానికి పులికాట్ సరస్సు నుంచి తెచ్చినవి. ఆ వైపు బూడిద గొట్టాలు లేవు. ఆటో మాట్లాడుకుని రెండు ట్రేలూ, ఒక క్యాను శుభ్రమైన సముద్రపు నీళ్ళూ, బ్యాటరీ గాలి పంపులూ వేసుకుని వాషర్‌మెన్‌పేట్ ఇంటికి తెచ్చేశాను. నడింట్లో బీరువా పక్కన పెట్టాను.

అత్తయ్య తొంగి చూశారు.

"అయ్యో కడవులే! నడింట్లో పురుగుల్ని పెట్టుకుని కూడు తినేదెట్లా ప్రీతీ? సాయంత్రం దేవుడికి వెళక్కు పెట్టేదెట్లా?"

"అవేం చేయవు అత్తయ్యా. రెండు రోజులు ఉపవాసం ఉంటాయి, అంతే."

"ఉపవాసమా?"

"అవును. వాటి కడుపులో బురద ఉంటుంది. అలాగే కొలిస్తే పురుగులో ఉన్న లోహమా, కడుపులో ఉన్న మట్టా తెలియదు. తిండి పెట్టకుండా శుభ్రమైన సముద్రపు నీళ్ళలో ఉంచితే బురదంతా పోతుంది. అప్పుడు కొలవాలి."

అత్తయ్య ట్రే ముందు కూర్చుని చాలాసేపు చూశారు. "కార్తీకమాసం కడాన మనింటికి వచ్చి ఉపవాసం ఉండాయి. ఏ జన్మలో ఏమయ్యుండినాయో" అన్నారు. అప్పుడు నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

నవంబరు 30

వాన. కరెంటు లేదు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పురుగులు బాగున్నాయి. నేనూ బాగున్నాను.

డిసెంబరు 1

పులికాట్ పురుగులన్నీ చచ్చిపోయాయి.

పొద్దున సార్ ఫోను చేశారు, ల్యాబులోకి నీళ్ళు వస్తున్నాయి, మిషన్లు పైకెక్కించాలి, రమ్మని. మధ్యాహ్నం రెండు ట్రేలలో నీళ్ళు మార్చమని అత్తయ్యకు చెప్పి, చీర ఎగ్గట్టి బయల్దేరాను. చీకటి పడ్డాక తిరిగొస్తే పులికాట్ ట్రేలో ఒక్కటీ కదలడం లేదు. ఒంటి నిండా జిగురు కక్కి, తెల్లబడి, మెలికలు తిరిగి ఉన్నాయి.

"ఏ నీళ్ళు పోశారు అత్తయ్యా?"

"నువ్వు తెచ్చిన సముద్రం నీళ్ళే. ఆ ప్లాస్టిక్ క్యానులో ఒకటే వాసన. అందుకని నిన్ననే మన రాగి బిందెలోకి పోసి పెట్టినా. ఉపవాసం ఉండే ప్రాణులకి ప్లాస్టిక్ నీళ్ళు పోస్తారా ఎవరన్నా?"

ఉప్పునీళ్ళు. రాగి బిందెలో. ఒక రాత్రి, ఒక పగలు. ఆ నీళ్ళలోకి ఎంత రాగి దిగి ఉంటుందో నాకు తెలుసు. అత్తయ్యకు ఎలా తెలుస్తుంది?

తెలుసు, అయినా అరిచాను. "మీరు ముట్టుకోకుండా ఉంటే చాలదా? ఏడాది కష్టం నాశనం చేశారు!" అని ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. ముట్టుకోమని చెప్పింది నేనే. అత్తయ్య బిందెను చింతపండుతో తోమి, తుడిచి, అటక మీద పెట్టించారు. ఇన్నేళ్ళుగా పొద్దున లేవగానే ఆ నీళ్ళే తాగేవారు.

ఎన్నూరు ట్రే చూడనే లేదు. అవీ పోయే ఉంటాయి. రెండు ట్రేలూ మేడమీద పెట్టించాను, పారెయ్యడానికి.

డిసెంబరు 2

అత్తయ్యతో మాట్లాడలేదు. నాకేం కోపం లేదు.

డిసెంబరు 3

ఇవాళా కోపం లేదు. అత్తయ్య స్టీలు చెంబుతో నీళ్ళు తాగుతున్నారు. నాకు కనపడేటట్టు తాగుతున్నారు.

సాయంత్రం యువరాజ్ కోచ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కంపు కొడుతోందని ట్రేలు పారెయ్యడానికి మేడెక్కాడు. పైనుంచే కేకేశాడు.

"ప్రీతీ! చచ్చిపోయినాయన్నావే, ఇవి కదులుతావుండాయి!"

ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కాను. పులికాట్ ట్రే కుళ్ళు. ఎన్నూరు ట్రేలో, అదే బిందె నీళ్ళలో, గాలి పంపు కూడా లేకుండా, పురుగులు మెల్లగా దొర్లుతున్నాయి. పుల్లతో కదిపితే వెనక్కి ముడుచుకున్నాయి. ఒకటి నల్ల దవడలు బయట పెట్టి పుల్లను కరిచింది.

నేను ఆ తడి మేడ మీదే కూలబడ్డాను. యువరాజ్ భయపడ్డాడు. "ఏమైంది? సరి సరి, విడు, పారేస్తాలే" అన్నాడు.

"పారేస్తే నిన్ను పారేస్తాను" అన్నాను.

ఒకే బిందె, ఒకే నీళ్ళు. పులికాట్‌వి ఆ రాగి ఎన్నడూ ఎరగవు, పూటలో పోయాయి. ఎన్నూరువి ఎరుగును, బూడిద నీళ్ళతో రోజూ వచ్చేదే. వాటి తల్లులూ ఎరుగును, ఆ తల్లుల తల్లులూ ఎరుగును. తట్టుకోలేనివి ఎప్పుడో చచ్చిపోతే, తట్టుకున్నవి పిల్లల్ని పెట్టాయి. రాగిని పట్టి మూట కట్టే పని వాటికి పుట్టుకతోనే వచ్చేసింది. ఆ పనికే తిండంతా ఖర్చయిపోతుంది. అందుకే అవి పులికాట్ వాటిలో సగమే ఉంటాయి, గుడ్లూ తక్కువే పెడతాయి. ఇన్ని నెలలుగా వాటి పొడుగు కొలిచి పట్టికలో వేస్తూనే ఉన్నాను, ఎందుకని అడగలేదు.

బతికున్నాయి కదా, మరింకేంటమ్మా?

బతికున్నాయి కాబట్టే సార్. ఆ నీళ్ళలో బతకగలిగాయంటేనే ఆ బురదలో తరాలుగా విషం ఉందని.

డిసెంబరు 5

"వంటింటి ప్రయోగం తీసుకెళ్ళి కమిటీ ముందు పెడతావా? నీకేవన్నా మతి పోయిందా?" సార్ గదిలో ఫ్యాను ఆగిపోయింది గానీ ఆయన నోరు ఆగలేదు. "బిందెలో రాగి ఎంత? నువ్వు కొలవలేదు. తుఫాను, కరెంటు లేదు, మీ అత్తగారు నీళ్ళు మార్చారు. నవ్వుతారమ్మా!"

ఆయన అన్నది నిజమే. ఒళ్ళు మండింది గానీ నిజమే.

"అయితే సరిగ్గా చేస్తాను. కొలిచిన రాగి నీళ్ళు, రెండు చోట్లవీ కొత్త పురుగులు, ఉత్త సముద్రపు నీళ్ళలో కొన్ని. మీరే పక్కన ఉండి చూడండి."

"వాక్యం సంగతి?"

"ఆ వాక్యం నా చేత్తో రాయను సార్. మీరు రాసుకోండి, కింద నా పేరు తీసెయ్యండి."

భయం లేదని రాసుకున్నానే, ఆ మాట కొట్టేస్తున్నాను. భయం ఉంది. ఉంటే ఉండనీ.

డిసెంబరు 8

ఏటికి వెళ్ళాను. తుఫాను తర్వాత నీళ్ళ మీద బూడిద తెట్టు. లూర్దుమేరి అక్కకు బిందె కథ చెప్పాను. రొయ్యల బుట్ట నోట కరుచుకుని పని చేస్తుంది కనుక మాట్లాడలేదు, కళ్ళతో నవ్వింది. గట్టు మీదికి వచ్చాక అడిగింది.

"మీ అత్తకి చెప్పినావా?"

"ఏమని?"

"తప్పు నాదని."

వేరే మాట ఎత్తాను.

డిసెంబరు 12

మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అదే. రాగి నీళ్ళలో పులికాట్‌వి పోయాయి, ఎన్నూరువి ఉన్నాయి. ఉత్త నీళ్ళలో రెండూ ఉన్నాయి. సార్ ఆఖరిసారి స్టూలు లాక్కుని ట్రే ముందే కూర్చున్నారు, టీ చల్లారిపోయినా లేవలేదు. చివరికి, "ముప్పై ఏళ్ళు పురుగుల్ని కోశానమ్మా. ఇవి పోట్లాడి బతుకుతాయని పుస్తకంలో చదివాను గానీ, కూర్చుని చూడలేదు" అన్నారు.

వాక్యం కొట్టేశారు. దాని బదులు నాది పెట్టారు. సంతకం కూడా పెట్టారు.

డిసెంబరు 17

రేపే విచారణ. పొద్దున సార్ ఫోను. మోకాలు నొప్పట, రాలేరట, నన్నే మాట్లాడమన్నారు. సంతకం పెట్టిన చేతికి నొప్పి రాలేదు, అదే పదివేలు.

కాగితాలు చదివేవాళ్ళు ఎంతమంది? కళ్ళతో చూడాలి. సాయంత్రం అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. వత్తులు చేస్తున్నారు.

"అత్తయ్యా, ఆ రాగి బిందె కావాలి."

"ఎందుకు? ఇంకా ఎవర్ని చంపేదానికి?"

నాకు తగిన మాటే. నేలమీద కూర్చున్నాను. అంతా చెప్పాను. గొట్టం, లూర్దుమేరి అక్క కాళ్ళు, బతికిన పురుగులు, చచ్చిన పురుగులు. మీరు ఆ నీళ్ళు పోయకపోతే నాకు జన్మలో తెలిసేది కాదని చెప్పాను. తప్పు నాది అత్తయ్యా, కోపం వచ్చింది, చాలా వచ్చింది, మీ మీద చూపించాను అని చెప్పాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అత్తయ్య వత్తి చేయడం ఆపలేదు.

"ఆ పులికాట్‌వి ఏం పాపం చేసినాయి?"

"ఏ పాపమూ చేయలేదు అత్తయ్యా. అందుకే చచ్చిపోయాయి."

"ఆ దేవుడికి తెలుసులే" అని లేచి, అటక మీది నుంచి బిందె దింపమని యువరాజ్‌కి కేకేశారు. సముద్రపు నీళ్ళు తనే పోశారు. మూత పెట్టి, బిందెకు దణ్ణం పెట్టుకున్నారు.

డిసెంబరు 18

ఇప్పుడే వచ్చాను. చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

కలెక్టరాఫీసు హాలు. కమిటీ ముగ్గురు. పొద్దున్నే బల్ల చివర రెండు గాజు గిన్నెలు పెట్టి, బిందె నీళ్ళు పోసి, ఒకదాంట్లో పులికాట్ పురుగులు, ఒకదాంట్లో ఎన్నూరువి వదిలాను. ఇవేమిటని బంట్రోతు అడిగితే సాక్షులన్నాను. మమ్మల్ని పిలిచేసరికి మధ్యాహ్నం భోజనాలు కూడా అయిపోయాయి. సర్కారు ఆలస్యం జీవితంలో మొదటిసారి నాకు పనికొచ్చింది.

ముందు కంపెనీ తరఫు నిపుణుడు లేచాడు. కోటు, టై. తెర మీద మా పురుగుల ఫోటోలే పెద్దవి చేసి చూపించాడు. "జీవం చూడండి. లోహాలను నిర్విషం చేసుకునే శక్తి ఈ జీవులకు ఉంది. ప్రకృతి తనను తాను బాగుచేసుకుంటోంది." చక్కటి గొంతు. నమ్మబుద్ధేసింది నాకే.

నా వంతు వచ్చింది. మూడుసార్లు చేసిన ప్రయోగం కాగితాలు ఇచ్చాను. తర్వాత కమిటీ పెద్దాయన్ని గిన్నెల దగ్గరికి రమ్మన్నాను. వచ్చాడు. పుల్ల చేతికిచ్చాను. పులికాట్ గిన్నెలో కదిపాడు, ఏదీ కదల్లేదు. ఎన్నూరు గిన్నెలో కదిపాడు, పుల్లను కరిచింది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసుకున్నాడు.

"రెండు గిన్నెల్లోనూ ఒకే నీళ్ళు సార్. రాగి దిగిన ఉప్పునీళ్ళు. శుభ్రమైన చోట పుట్టినవి చచ్చిపోయాయి. గొట్టం కింద పుట్టినవి బతికాయి. ఈ విషం వాటికి కొత్త కాదు కాబట్టి బతికాయి. విషం పోలేదు సార్, వాటి ఒంట్లోనే ఉంది. వీటిని తిన్నవాటి ఒంట్లోకి పోతుంది."

కాగితం చూడకుండానే చెప్పాను, మాట సరిగ్గానే పడింది.

కోటాయన గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేచాడు. "రాగి ఎక్కడి నుంచైనా రావచ్చు, మా గొట్టం నుంచే వచ్చిందని ఎవరన్నారు? అయినా ఇది పురుగుల సంగతి. మనుషులు బాగానే ఉన్నారు కదా. అదిగో, ముప్పయ్యేళ్ళుగా ఆ దిబ్బ దగ్గరే పని చేస్తున్నానని ఆమె తన అర్జీలోనే రాయించింది."

అందరూ లూర్దుమేరి అక్క వైపు తిరిగారు. వెనక వరసలో కూర్చుంది. లేచి నిలబడింది. తమిళంలోనే మొదలుపెట్టింది, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగింది. కమిటీకి సగం అర్థం కాలేదేమో, అయినా ఎవరూ ఆపలేదు.

"బతికే ఉండానయ్యా. కాదన్లా. ఆ గిన్నెలో పురుగు మాదిరి బతికే ఉండా. నన్ను జూసి ఏరు బాగుండాదని రాసుకుంటావా? రాసుకో." చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుంది. "ఈ కాళ్ళు గూడా కలిపి రాసుకో."

కమిటీ పెద్దాయన తల వంచుకుని కాళ్ళు చూశాడు, పుల్ల ఇంకా చేతిలోనే ఉంది. కోటాయన మెల్లగా కూర్చున్నాడు.

నేను ఏడవలేదు. ఇవాళ ఏడిస్తే అక్కకు అవమానం.

డిసెంబరు 19

రెండో గొట్టం ఇప్పటికి ఆపారు. బయటి ల్యాబులు రెండు కొత్తగా తవ్వి కొలిచేదాకా. పాత గొట్టం మీద ఒక్క మాట లేదు, అది పారుతూనే ఉంది. గెలిచామా అని యువరాజ్ అడిగాడు. బతికే ఉన్నామని చెప్పాను.

సార్ ఫోను చేశారు. పైనుంచి తాఖీదు వచ్చిందట, నేను ఈ ప్రాజెక్టు మీద ఇక ఏటికి వెళ్ళకూడదట. "ప్రాజెక్టు మీద వెళ్ళకూడదన్నారమ్మాయ్. ఏరు వాళ్ళ బాబుది కాదు" అని ఫోను పెట్టేశారు. మోకాలు తగ్గినట్టుంది.

అత్తయ్య బిందె మళ్ళీ తళతళా తోమారు. నా ముందు పెట్టి నిలబడ్డారు.

"దీంట్లో నీళ్ళు తాగచ్చా, లేదా? అది చెప్పు ముందు."

"మంచినీళ్ళయితే తాగొచ్చు అత్తయ్యా. ఉప్పూ పులుపూ మాత్రం పోయొద్దు."

"అంతేనా! దానికి ఇంత రభస చేసినావే" అని బిందె నింపుకుని, స్టీలు చెంబు నా వైపు తోశారు.

రేపు పొద్దున్నే ఏటికి వెళ్తున్నాను. అక్క రమ్మంది, దిబ్బకు అవతల వైపు ఎవరూ తవ్వని బురద చూపిస్తుందట. కొత్త గ్లౌజులు కొనలేదు. చిరిగినవే వేసుకుంటాను. కరిస్తే కరవనీ.